పదకొండూముక్కాలు విమానం

మదనపల్లె,
6 జూన్ 1999.

చెల్లి మునెమ్మకు,

అక్క రాజమ్మ రాసేది. ఇక్కడ అందరం బాగున్నామని రాయడం వాడుక గనక రాస్తాండాను. బాగా లేము.

శుక్రవారం కువైట్ నుంచి రాణి ఫోన్ చేసింది. ఆసుపత్రిలో సెలవు ఇచ్చినారంట. ఆగస్టు పదకొండు, బుధవారం, పదకొండూముక్కాలుకు విమానం ఎక్కుతుందంట. నేరుగా మద్రాసు. కాన్పు అక్టోబరులో. పోయినసారి బిడ్డ ఆడనే ఏడో నెలలో పోయింది కదా. నా కూతురు నర్సై ఉండీ పక్కన పట్టుకునే చెయ్యి ఒకటి లేకపోయింది. అల్లుడు ప్రతాప్ ఎడారిలో, క్యాంపులో. ఈ తూరి నా ఇంట్లోనే కాన్పు అని నిమ్మళపడి, చౌడేపల్లెకు బస్సెక్కి పోయినాను. వియ్యపురాలికి చెప్పాల కదా.

కాంతమ్మ వదిన ఆవు కాడ కూర్చోని పాలు పితుకుతాండాది. నేను చెప్పినదంతా వినింది. చెంబు పక్కన పెట్టి, చేతులు కడుక్కోని, లోపలికి పోయి పంచాంగం తెచ్చింది.

"ఏ తేదీ అంటివి?"

"పదకొండు."

చదువు రాకపోయినా అంకెలూ గ్రహణం బొమ్మా పోల్చుకుంటుంది, వేలు పెట్టి చూపించింది. ఆ పొద్దు అమావాస్య. సూర్యగ్రహణం. సాయంత్రం పట్టుకుంటే విడవకుండానే పొద్దు గుంకుతుందంట.

"కడుపుతో ఉండేది గ్రహణం పొద్దు గడప దాటకూడదని నీకు నేను సెప్పాల్నా వదినా? నీ కూతురు గడప కాదు, ఆకాశమే దాటతాండాది. సూర్యుని ముందరికి పోయి కూసుంటాదంట!"

"వేరే పొద్దు సీటు లేదంట వదినా."

"అట్లయితే రానీ. బిడ్డకేమన్నా ఉంటే మాత్రం నా గడప తొక్కనక్కర్లేదు. నీ కాడే పెట్టుకో. మీ ఇంట్లో ఒకర్ని సూసినాంలే."

ఈ మాట నీకు రాయకూడదనుకున్నాను. రాసేసినాను. నిన్నే అనింది. నీ మూతినే. గ్రహణం మొర్రి అంటే ఏమో మనింట్లో వాళ్లకు ఇంకొకరు చెప్పే పని లేదు. వేలూరులో కుట్టించినా గీత గీతే కదా.

నువ్వు కాలేజీలో ఫిజిక్సు చెప్పేదానివి. కువైట్‌కూ మద్రాసుకూ ఎంత దూరం, విమానం ఎన్ని గంటలు పడుతుంది, గ్రహణం పట్టకముందే దిగుతుందా లేదా, లెక్క కట్టి ఒక కాయితం మీద వేరే రాసి పంపు. కింద నీ సంతకమూ చదువూ వెయ్యి. కాంతమ్మకు చూపించాల.

నాకు చేతులు ఆడడం లేదు మునెమ్మా.

నీ అక్క,
రాజమ్మ.


కుప్పం,
10 జూన్ 1999.

రాజక్కకు,

నీ ఉత్తరం నిన్న అందింది. కాంతమ్మ గారి మాటకు నేనేమీ అనుకోలేదు. ప్రతి ఏడూ మొదటి రోజు క్లాసులోకి అడుగు పెడితే డెబ్భై మంది పిల్లలు ముందు నా పెదవి చూస్తారు, తర్వాత బోర్డు చూస్తారు. వారం గడిస్తే బోర్డు మాత్రమే చూస్తారు. అలవాటైన సంగతే.

ముందు నిన్ను కోప్పడాలి. గ్రహణమంటే చంద్రుడు సూర్యుడికి అడ్డం రావడం. అంతే. నీడ పడితే పెదవి చీలదు. మన గుమ్మానికి వేలాడే గుమ్మడికాయ నీడ రోజూ మన మీద పడుతూనే ఉంది. అయినా నువ్వు అడిగావు కాబట్టి లెక్క కట్టాను.

సెలవులు కావడంతో కాలేజీ బోసిగా ఉంది. అటెండరు ఆంజనేయులు చేత జాగ్రఫీ గదిలోని గ్లోబు తెప్పించాను. ఒక దారం తీసుకుని కువైట్ మీద ఒక కొస, మద్రాసు మీద ఒక కొస పెట్టి పట్టాను. అదే దారాన్ని భూమధ్యరేఖ మీద వరుసగా వేసుకుంటూ పోతే పది దారాలు పట్టి, ఇంకా సగం దారానికి పైన చోటు మిగిలింది. భూమి చుట్టుకొలత నలభై వేల కిలోమీటర్లు. అంటే ఈ రెండు ఊళ్ల మధ్య సుమారు మూడువేల ఏడువందల డెబ్భై. అక్షాంశ రేఖాంశాలతో మళ్లీ లెక్క చూశాను, అదే వచ్చింది. గంటకు ఎనిమిది వందల కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి నాలుగూముప్పావు గంటల ప్రయాణం.

పదకొండు నలభై ఐదుకు బయల్దేరితే నాలుగున్నరకు దిగుతుంది. మద్రాసులో గ్రహణం పట్టేది ఐదుంబావు ప్రాంతంలో. ముప్పావుగంట మిగులు.

నువ్వు చెప్పినట్టే వేరే కాగితం మీద రాసి, కింద ఎం.ఎస్సీ. అనీ, భౌతికశాస్త్ర అధ్యాపకురాలు అనీ వేసి సంతకం చేశాను. ఇలాంటి దానికి సంతకం చేయడం నాకు నచ్చలేదని కూడా ఇక్కడ రాసి పెడుతున్నాను.

నిశ్చింతగా ఉండు.

నీ చెల్లి,
మునీశ్వరి.


మదనపల్లె,
15 జూన్ 1999.

మునెమ్మకు,

నీ కాయితం అందిన మరుసటి దినమే చౌడేపల్లెకు పోయినాను. కాంతమ్మ వదిన దాన్ని వెనకా ముందరా తిప్పి చూసింది. ఆమెకు చదువు రాదు గదా, చదివి వినిపించమనింది. మూడు తూర్లు చదివించింది. దారం సంగతి ఆమెకు శానా నచ్చింది.

"దారం పెట్టి కొలిసిందా? భూమినే?"

"భూమినే వదినా."

"మొర్రిదైనా బుద్ధి మంచిదే." అని, కాయితం మడిచి, "దీన్ని నాకియ్. పెట్టెలో పెట్టుకుంటా," అనింది.

ఒక్క మాట పెట్టింది. ఆ పొద్దు విమానం దిగినట్టు గ్రహణం పట్టకముందే ఆమెకు ఫోన్ రావాలంట. వాళ్ల పక్కనే మునస్వామి అంగట్లో ఫోన్ ఉండాది. నంబరు ఈ కాయితం వెనక రాస్తాండాను.

ఇంక నువ్వు ఆ లెక్క జోలికి పోవద్దు. మళ్లీ మళ్లీ వేసి చూడొద్దు. రాసింది రాసినట్టు ఉండనీ.

నీ అక్క,
రాజమ్మ.


కుప్పం,
18 జూన్ 1999.
(పోస్టు చేయనిది)

అక్కా,

ఈ ఉత్తరం రాస్తున్నాను గానీ డబ్బాలో వేయగలనో లేదో తెలియదు.

నిన్న కాలేజీలో ఆంజనేయులు రేడియో పెట్టుకుని క్రికెట్ వింటున్నాడు. ఇంగ్లండ్‌లో పోటీ. మధ్యాహ్నం మూడుంబావుకు ఆట మొదలైతే, "ఇంత ఆలస్యంగానా?" అని అడిగాను. "ఆడ ఇంకా పొద్దునే గదా మేడం, పదకొండు కూడా కాలేదు," అన్నాడు.

అతనికి తెలిసింది. నాకు తట్టలేదు. పద్దెనిమిదేళ్లుగా పాఠం చెబుతున్నదాన్ని.

పదకొండు నలభై ఐదు అన్నది కువైట్ గడియారం. వాళ్లు మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ విమానం ఎక్కేసరికి మనకు రెండుంబావు అవుతుంది. దానికి నాలుగూముప్పావు కలిపితే ఏడు. నాలుగున్నర కాదక్కా, ఏడు. గ్రహణం పట్టేటప్పుడు రాణి సముద్రం మీద ఉంటుంది. పొద్దు గుంకేటప్పుడూ ఆకాశంలోనే ఉంటుంది. మొత్తం గ్రహణం ఆమె ప్రయాణం లోపలే పడుతోంది.

దూరం సరిగ్గానే కొలిచాను. వేళ తప్పాను.

దానివల్ల బిడ్డకు ఏమీ కాదని నాకు తెలుసు. మరి ఎందుకు నిన్నటి నుంచి అన్నం దిగడం లేదు? నిజం రాస్తాను. నాకు రెండు భయాలున్నాయి. ఒకటి సిగ్గుపడాల్సింది. ఆ నీడ విషయంలో నూటికి తొంభై పాళ్లు నాకు నమ్మకం లేదు. మిగిలిన పది పాళ్లు అమ్మ నా చిన్నప్పుడు పెట్టినవి. ఎన్ని పుస్తకాలు చదివినా అవి కదలలేదు.

రెండోది అసలు భయం. ఎమ్మెస్సీ చదివే రోజుల్లో ఒకసారి వేలూరు వెళ్లి డాక్టరుకు పెదవి చూపించుకున్నాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, మీ వంశంలో ఇంకెవరికైనా ఉందా అని. లేదన్నాను. ఇంటికొచ్చాక అమ్మను అడిగితే ముందు వీధి తలుపు వేసి వచ్చింది. తర్వాత చెప్పింది. నిమ్మనపల్లె గురప్ప తాత మీసం గుర్తుందా? పాలు తాగితే మీసమంతా తెల్లగా అయ్యేది, మనం నవ్వేవాళ్లం. ఆయన ఆ మీసం ఎందుకు అంత దట్టంగా పెంచాడో తెలుసా? దాని కింద నా పెదవే ఉంది.

ఇది రక్తంలో ఉంది. నాలో ఉంది, నీలో ఉండొచ్చు, రాణిలో ఉండొచ్చు. వందలో ఏ కొందరికో వస్తుంది, ఎక్కువ మందికి రాదు. కానీ వస్తే? రేపు ఆ బిడ్డ పెదవి చీలి పుడితే విమానం వల్లే అంటారు. అమ్మను అన్నట్టే రాణిని బతికినన్నాళ్లూ అంటారు. ఆ విమానం ముందే దిగుతుందని సంతకం పెట్టింది నేను.

కాంతమ్మ గారికి నిజం చెబితే రాణిని రానివ్వదు. చెప్పకపోతే నేను అబద్ధాలకోరును. ఏం చేయాలో తెలియడం లేదు.

మునీశ్వరి.


కుప్పం,
21 జూన్ 1999.

రాజక్కకు,

కాగితం నచ్చినందుకు సంతోషం. ఒక చిన్న మాట. రాణి ఒక వారం ముందే రావడానికి వీలవుతుందేమో కనుక్కుంటావా? ప్రత్యేకంగా కారణమంటూ ఏమీ లేదు. నెలలు నిండుతున్న మనిషి, ఎంత ముందుగా వస్తే అంత మంచిదని.

ఇక్కడ వానలు లేవు. అందరినీ అడిగానని చెప్పు.

మునీశ్వరి.


మదనపల్లె,
27 జూన్ 1999.

మునెమ్మకు,

నీ ఉత్తరం పొట్టిగా ఉండాది. నువ్వు పొట్టిగా రాసినావంటే నీ మనసులో ఏదో ఉండాది.

ముందే వచ్చేదానికి కాదు. ఆగస్టు పదో తేదీ దాకా డ్యూటీ ఉండాది. మద్రాసుకు నేరుగా వచ్చేది వారానికి ఒకటే విమానం, బుధవారం. ఆ మరుసటి బుధవారానికి ముప్పై రెండు వారాలు నిండిపోతాయి, ఎక్కించుకోరంట. పోయిన నెలనుంచి రాణికి బీపీ కూడా ఉండాదంట. ఈ సంగతి కాంతమ్మకు చెప్పలేదు. అది కాబట్టి ఆ పదకొండే. పదకొండు కాకపోతే మళ్లీ ఆడనే, ఒక్కతే. నేను ఇంకొక తూరి ఆ ఫోన్ వినలేను.

ఇప్పుడు నీకు ఒకటి చెప్పాల. నలభై నాలుగు ఏండ్లుగా చెప్పలేదు.

పుంగనూరులో మన పాతింట్లో. నాకు అప్పుడు ఎనిమిదేండ్లు. పొద్దున పూట గ్రహణం. అమ్మ నిన్ను కడుపులో పెట్టుకోని లోపలింట్లో చాప మీద నిలువుగా పడుకోనుండాది. కాళ్లు ముడవకూడదు, గీరుకోకూడదు, నీళ్లు తాగకూడదు. నన్ను కూడా కదలొద్దనింది. పక్కింటి వాకిట్లో పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టినారంట, గ్రహణం పట్టినంతసేపూ అది పడకుండా నిలబడుతుందంట, పిల్లోళ్లందరూ అరస్తాండారు. నేను గడియ తీసుకోని పరిగెత్తినాను.

రోకలి నిజంగానే నిలబడింది మునెమ్మా. నేను పైకి చూస్తానేమో, కండ్లు పోతాయేమో అని అమ్మ వాకిట్లోకి వచ్చేసింది. నా చెయ్యి పట్టుకుని లాగింది. అప్పుడు ఒక్క క్షణం తలెత్తి చూసింది. నేను చూసినాను, ఆమె చూడడం.

నువ్వు పుట్టినాక అందరూ అమ్మను అడిగినారు, యాల బయటికి పోతివి అని. "నేనే పోయినా, బుద్ధి లేక," అనింది. నా పేరు చెప్పలేదు. నాన్న కొట్టినా చెప్పలేదు. చచ్చిపోయే దాకా చెప్పలేదు.

నీకు సంబంధాలు వచ్చి వెనక్కి పోయినప్పుడంతా నేను లోపలికి పోయి కూర్చునేదాన్ని. నీ మూతి మీది గీత నాది. ఇప్పుడు నా కూతురి బిడ్డ మీదికి వస్తాండాది. అదే నా భయం.

రాజమ్మ.


కుప్పం,
3 జూలై 1999.

అక్కా,

నీ ఉత్తరాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. ఏడ్చాను. తర్వాత పుస్తకం తీశాను. నాకు వచ్చింది అదొక్కటే కదా.

పుట్టబోయే బిడ్డ పై పెదవి అమ్మ కడుపులో రెండో నెల ముగిసేలోపే కలవాలి. కలవకపోతే అప్పుడే చీలి ఉండిపోతుంది. తర్వాత ఎవరు ఏం చేసినా అది కలవదు, కలిసింది చీలదు. నువ్వు చెప్పిన గ్రహణం యాభై ఐదో సంవత్సరం జూన్ ఇరవయ్యో తేదీ. నేను పుట్టింది ఆ ఏడు నవంబరు చివర్లో. అమ్మకు అప్పటికి ఐదో నెల. నువ్వు గడియ తీసేనాటికి నా పెదవి చీలి రెండు నెలలు దాటింది అక్కా. అమ్మ తలెత్తి చూడకపోయినా నేను ఇలాగే పుట్టేదాన్ని. నువ్వు రోకలి చూశావు. అంతే.

ఇది అమ్మకు చెప్పి ఉండాల్సింది. ఆమె బతికుండగా ఈ తేదీలు పక్కపక్కన పెట్టి చూడాలని నాకు ఎందుకు తోచలేదు? బహుశా నాక్కూడా ఎవరో ఒకరి మీద నింద కావాల్సి వచ్చిందేమో.

ఇక నా సంగతి. పోస్టు చేయని ఉత్తరం ఒకటి ఇందులో పెడుతున్నాను. చదువు. లెక్క తప్పింది. విమానం దిగేది ఏడు గంటలకు. కాంతమ్మ గారికి నేనే వచ్చి చెబుతాను. రెండో నెల సంగతి కూడా చెబుతాను. నువ్వు వద్దనకు.

మునీశ్వరి.


మదనపల్లె,
8 జూలై 1999.

మునెమ్మకు,

రెండో నెల మాట రాసినావు చూడు, ఆ ముక్క చింపి దేవుని పటం వెనక పెట్టుకున్నాను. నమ్మాలని ఉండాది. మెల్లగా నమ్ముతాను, తొందర పెట్టొద్దు.

లెక్క తప్పిందని ఇప్పుడు నాకు చెప్తాండావా? నీ కాయితం వచ్చిన పొద్దే నాకు తెలుసు. ప్రతి శుక్రవారం నేను టెలిఫోన్ బూత్ కాడికి పోయేది మనకు పన్నెండున్నరకు. "ఏమి చేస్తాండావే?" అంటే, "ఇప్పుడే లేసి టిఫిన్ తింటాండా అమ్మా, పది అయింది," అంటుంది. మూడేండ్లుగా వింటాండాను. పదకొండూముక్కాలు అంటే యాడి పదకొండూముక్కాలో నాకు తెలీదా?

చదివినప్పుడు నవ్వు వచ్చింది. తర్వాత ఏడుపు వచ్చింది. దేవుడే నీ చేత తప్పు వేయించినాడు అనుకున్నాను. నిజం రాయమంటే నువ్వు నిజమే రాస్తావు, అప్పుడు కాంతమ్మ ఒప్పుకోదు. అబద్ధం రాయమంటే నువ్వు రాయవు. నువ్వు తెలీక రాసినావు కాబట్టి అది నిజం మాదిరి ఉండాది. అందుకే మళ్లీ లెక్క వెయ్యొద్దన్నాను.

కాంతమ్మ కాడికి నువ్వు రావొద్దు. రెండో నెల, మూడో నెల ఆమెకు ఎక్కదు. ఆకాశంలో ఉన్నిందా లేదా, అంతే. ఆ పొద్దు నేను చౌడేపల్లెలో ఆమె పక్కనే కూర్చోనుంటా. నువ్వూ మీ బావా మద్రాసుకు పోండి. నాలుగూముక్కాలుకు మునస్వామి అంగడికి ఫోన్ చెయ్యి. నేనే తీస్తా. నువ్వు "దిగింది" అను, నేను విన్నానంటా. ఒక్క మాటే గదా.

నేను భయపడకుండా రాస్తాండానని అనుకోవద్దు. ఈ నాలుగు ముక్కలు రాసేలోపల రెండు తూర్లు లేసి పోయినాను.

రాజమ్మ.


మద్రాసు,
12 ఆగస్టు 1999.

అక్కా,

రాణి నా పక్కన పడుకుని నిద్రపోతోంది. రేపు కారులో బయల్దేరి మధ్యాహ్నానికి వస్తాం. అయినా ఇది నోటితో చెప్పలేను, అందుకే రాసి నీ చేతికే ఇస్తాను. చదివి చింపెయ్యి.

నిన్న విమానాశ్రయానికి ఎదురుగా ఉన్న బూత్‌లోకి నాలుగూ నలభైకి వెళ్లాను. నువ్వు తీస్తానన్నావు. తీసింది కాంతమ్మ.

"ఎవురు? మునెమ్మా? దిగిందామ్మా?"

నువ్వు పక్కన ఉన్నావో లేదో తెలియదు. ఏమీ వినబడలేదు. 

"దిగింది వదినా."

"కండ్లారా సూసినావా?"

"చూశాను."

"రాణికి ఇయ్, ఒక్క మాట."

"లోపల ఉంది వదినా, పెట్టెలు రావాలి. ఆలస్యమవుతుంది."

"పోనీలే. నీ నోట్లో సక్కెర పొయ్య. బిడ్డను నీడలోకి తీసకపో, తొరగా." పెట్టేసింది.

ఫోన్ కింద పెట్టాను. అక్కా, అప్పుడు మొదలైంది. అప్పటిదాకా నాకు గ్రహణం భయమే. ఇక విమానం భయం పట్టుకుంది. దిగని విమానాన్ని దిగిందని చెప్పాను. అది ఆ క్షణాన అరేబియా సముద్రం మీద ఉండి ఉంటుంది. దానికి ఏమైనా అయితే? చూశానన్నాను కదా, కళ్లారా. ఆ మాటకే ఏదైనా అవుతుందేమోనని, చదువుకున్నదాన్ని, గోడకానుకుని మళ్లీ మళ్లీ గడియారం చూసుకున్నాను.

బావ పక్కకు వచ్చాడు. "కాఫీ తాగుతావా?" అన్నాడు. వద్దన్నాను. "నాకూ వద్దులే. ఆకలి లేదు," అన్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఆకలి ఎందుకు లేదో ఇద్దరికీ తెలుసు. ఐదుంబావు దాటాక వెలుతురు పలచబడింది. జనం ఎక్స్‌రే ఫిల్ములు పట్టుకుని బయటికి వెళ్లి చూస్తున్నారు. పద్దెనిమిదేళ్లుగా బోర్డు మీద గ్రహణం బొమ్మ గీస్తున్నాను, అసలుది ఎన్నడూ చూడలేదు. పది అడుగులు వేసి తలెత్తితే చాలు. వేయలేదు. రాణి కోసం అని నాకు నేను చెప్పుకున్నాను.

ఏడూ పదికి దిగింది. ఎనిమిది దాటాక రాణి బయటికి వచ్చింది. కాళ్లు బాగా వాచాయి, మొహం పీక్కుపోయింది, పెదవులు ఎండి పగిలాయి. బావ నీళ్ల సీసా ఇస్తే నాతో అంది, "గ్రహణం యిడిసిందా చిన్నమ్మా?" విడిచిందన్నాక గటగటా తాగింది.

"పట్టకముందు నుంచే మూడు గంటలు కదల్లేదు చిన్నమ్మా. బెల్టు కట్టుకోని, కాళ్లు సాపుకోని, చేతులు ఇట్ల పెట్టుకోని. ముక్కు మీద దురద పెడితే కూడా గీరుకోలేదు. నేను నర్సును, సిగ్గేస్తాంది సెప్పుకునేదానికి."

సిగ్గుపడకమ్మా అన్నాను. బీపీ మనిషి మూడు గంటలు నీళ్లు లేకుండా కదలకుండా కూర్చోవడం ఎంత ప్రమాదమో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. గ్రహణం చేయని హాని గ్రహణం భయం చేసి ఉండేది. ఈ ఉదయం ఇక్కడ డాక్టరుకు చూపించాను. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోంది.

మునీశ్వరి.


మదనపల్లె,
14 అక్టోబర్ 1999.

మునెమ్మకు,

ఫోన్‌లో నీకు ఆడబిడ్డ అని మాత్రం చెప్పినాను. మిగతాది చెప్పే ధైర్యం లేక పెట్టేసినాను. నీకు అర్థమై ఉంటుంది.

పెదవి చీలి ఉండాది. ఎడమ పక్క. నీ మాదిరే.

నర్సమ్మ గుడ్డలో చుట్టి తెచ్చినప్పుడు నేనూ కాంతమ్మ వదినా పక్కపక్కన నిలబడుకోనుండాం. ఆమె చేతులు చాపి తీసుకుంది. గుడ్డ పక్కకు తీసింది. చూసింది.   బిడ్డను నాకు ఇవ్వలేదు, కింద పెట్టలేదు, అట్లే పట్టుకోని బెంచీ మీద కూర్చుండిపోయింది.

మూడో దినం చౌడేపల్లె నుంచి రమణమ్మ అని వాళ్ల పక్కింటామె చూసేదానికి వచ్చింది. బిడ్డను చూసి బుగ్గలు నొక్కుకుంది. "గ్రహణం పొద్దు ఇమానంలో వచ్చిందని ఊర్లో అనుకుంటాంటే నేను నమ్మలేదు కాంతమ్మా," అనింది.

కాంతమ్మ రొంటిలో నుంచి నీ కాయితం తీసింది. ఆసుపత్రికి కూడా తెచ్చుకోనుండాది!

"ఇదో సూడు. నాలుగున్నరకు దిగింది. గ్రహణం ఐదుంబావుకు. ఎమ్మెస్సీ సంతకం. నేనే ఫోన్‌లో మాట్లాడినా. సదువుకో."

"నాకు సదువు యాడొచ్చు కాంతమ్మా?"

"నాకూ రాదు. రానప్పుడు నోరు మూసుకోవాల. నా కోడలు గ్రహణంలో లేదు. ఇంకొక తూరి ఆ మాట నా ముందర అంటే సూడు."

నేను గోడ తట్టుకు తిరిగి ఏడ్చినాను.

అయితే ఆమె పోయినాక కాంతమ్మ నన్ను అడిగింది: "గ్రహణానిది కాకపోతే ఇది యాడ నుంచి వచ్చింది వదినా? నా కోడలు ఏమన్నా తప్పు చేసిందా, లేదా? అది ఒక్కటి నాకు తెలియాల. నీ చెల్లెల్ని ఇంకొక కాయితం రాసీమను. సంతకం పెట్టి."

ఇంకొకటి. రాణి పాలు పట్టడం లేదు, బిడ్డ మొహం చూడడం లేదు. నిన్న నాతో చెప్పింది. విమానంలో కిటికీ రెక్క ఒక్క తూరి పైకి ఎత్తిందంట. ఒక్క క్షణం చూసిందంట. "నేనే చేసినానమ్మా. చిన్నమ్మకు కూడా చెప్పలేదు," అంటాండాది. మన అమ్మ గొంతే అది మునెమ్మా. అదే గొంతు.

తొందరగా రాయి.

రాజమ్మ.


కుప్పం,
17 అక్టోబర్ 1999.

రాజక్కకు,

ఈ ఉత్తరం వెనకే నేనూ వస్తున్నాను. వారం రోజులు సెలవు పెట్టాను. వేలూరుకు ఫోన్ చేసి అడిగాను. మూడు నెలలకు బిడ్డ బరువు పెరిగితే కుడతారు. నా రోజుల్లో పన్నెండేళ్లు ఆగాల్సి వచ్చింది. అంతవరకు పాలు చెంచాతో, బిడ్డను నిలువుగా పట్టుకుని, కొంచెం కొంచెంగా పోయాలి. మొదటి రోజు ముక్కులోంచి వస్తే భయపడొద్దు. అమ్మ నాకు అలాగే పోసింది.

కాంతమ్మ గారడిగిన కాగితం ఇందులో ఉంది. ముందు రాణికి చదివి వినిపించు, తర్వాత ఆమెకు ఇవ్వు. రాణి నెల తప్పింది ఎప్పుడో, బిడ్డ పెదవి కలవాల్సింది ఎప్పుడో తేదీలతో రాశాను. పెదవి కలవాల్సిన గడువు తీరి, విమానం ఎక్కేనాటికి ఐదు నెలలు దాటాయి. కిటికీ రెక్క ఎత్తినా, ఎత్తకపోయినా, ఆ రోజు అసలు గ్రహణమే లేకపోయినా, ఈ బిడ్డ ఇలాగే పుట్టేది. గురప్ప తాత సంగతి కూడా దాచలేదు. నింద ఎవరి మీదనైనా వేయాల్సి వస్తే మన పుంగనూరు ఇంటి మీద వేయమని రాశాను. మనకు అలవాటే.

రాణితో ఒక మాట చెప్పు. ఆ ఒక్క క్షణంలో ఏం కనిపించిందో నేను వచ్చాక నాకు చెప్పాలి. భయపడి నేను చూడలేదు. తను చూసింది.

ఇక నా భయం ఒకటి మిగిలింది, అది నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. కాంతమ్మ గారు ఈ కాగితాన్ని నమ్మేది మొదటి కాగితాన్ని నమ్మింది కాబట్టి. రెండూ ఒకే పెట్టెలో, ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఏదో ఒక రోజు ప్రతాప్ వచ్చి, ఆ విమానం వేళలు తెలిసినవాడు, మొదటిది విప్పి చూస్తాడు. అప్పుడు రెండోది కూడా పోతుంది. అప్పటికి ఆ పాప కాస్త పెద్దదై, క్లాసులో మొదటి రోజు అందరూ తన పెదవి చూసినా బోర్డు వైపు చూడగలిగేంతదై ఉంటే చాలు.

ఈసారి తేదీలన్నీ మూడుసార్లు సరిచూశాను. ఒక్క అక్షరం తప్పు లేదు. అయినా సంతకం పెట్టేటప్పుడు చేయి వణికింది. చూస్తావుగా, కొంచెం వంకరగా పడింది. మొదటి కాగితానికి వణకలేదక్కా.

నీ చెల్లి,
మునీశ్వరి.